కమాను వచ్చిన దారి

కచేరీలో ఫిడేలు తీగల మీద రాసే పుల్లని మన తెలుగు విద్వాంసులు కమాను అంటారు. కమాన్ ఫార్సీ లఫ్జు. విల్లు అని దాని మతలబు. మన ఇళ్ళల్లో తీర్ కమాన్ అంటాం చూడండి, అదే కమాన్. ఫిడేలు ఫిరంగీ వస్తువు. దాన్ని మనకు తెచ్చింది తెల్లోళ్ళు. మరి దాన్ని వాయించే పుల్లకి ఫార్సీ పేరెలా అతుక్కుంది? ఈ ఒక్క సవాలు పట్టుకుని తవ్వుతూ పోతే నేను కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న బాకూ షహర్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. విమానంలో కాదులెండి, పుస్తకాల్లో, పాటల్లో.

ముందు విల్లు సంగతి. తీగని వేలితోనో గోటితోనో మీటడం దునియాలో అన్ని కౌములకీ తెలుసు. తీగ మీద ఇంకో తీగని గీసి, స్వరాన్ని తెగకుండా సాగదీయడం మాత్రం తర్వాత పుట్టిన హునర్. అది మధ్య ఆసియాలో, గుర్రాల మీద బతికిన జనం దగ్గర మొదలైందని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. సబూత్ వస్తువులోనే ఉంది. ఇవాళ్టికీ వయొలిన్ కమానుకి కట్టేది గుర్రం తోక వెంట్రుకలే. 950లో ఇంతెకాల్ అయిన అల్ ఫారాబీ తన ‘కితాబ్ అల్ మూసీఖీ అల్ కబీర్’లో రబాబ్ గురించి రాశాడు. తీగల మీద వేరే తీగలని లాగి మోగించే సాజుల ప్రస్తావన కూడా ఆయన దగ్గర ఉంది. ఆయన ఊరు ఫారాబ్, సిర్ దరియా నది పక్కన, ఇప్పటి కజకిస్తాన్‌లో. అక్కణ్నుంచి బగ్దాద్ వచ్చాడు. ఆ రబాబే అరబ్బులతో పాటు అందలూస్ చేరి, యూరప్ వాళ్ళ నోట్లో ‘రెబెక్’ అయ్యింది. దాని ఔలాదులో, చుట్టపక్కాల్లో, ఇటలీలోని క్రెమోనా ఊళ్ళో 16వ శతాబ్దంలో అమాతీ ఖాందాన్ చేతిలో పక్కా రూపం తీసుకున్నదే వయొలిన్.

అంటే మన ఫిడేలు ఫిరంగీదే గానీ, దాని నానిహాల్ మాత్రం ఇటువైపే.

ఇప్పుడు నలుగురి ముచ్చట. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదీ, గొంతు బరువుదీ అయిన వయోలా ఒకటి, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి. ఈ నాలుగూ కలిస్తే స్ట్రింగ్ క్వార్టెట్. 18వ శతాబ్దంలో ఆస్ట్రియా వాడు జోసెఫ్ హైడన్ దీన్ని ఒక పద్ధతికి తెచ్చాడు. ఆయన ఎస్తర్‌హాజీ అనే నవాబుల కొలువులో నౌకర్. ఉర్దీ వేసుకుని హాజరు కావాల్సిన మనిషి. అట్లాంటి కొలువులో ఉండి ఆయన అరవైకి పైగా రాసిన ఈ క్వార్టెట్లలో హుకుం చలాయించే వాడు ఒక్కడూ ఉండడు. పెద్ద ఆర్కెస్ట్రాకి ఉన్నట్టు ముందు నిలబడి చేతులూపే మనిషి ఇక్కడ లేడు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకరి సాంస ఒకరు వింటూ వాయించాలి. ఒకరు మాట ఎత్తితే ఇంకొకరు అందుకోవడం, మూడో వారు కాదనడం. మన ఇళ్ళల్లో రాత్రి ఖానా అయ్యాక దస్తర్‌ఖాన్ తీయకముందు సాగే గుఫ్తగూ లాంటిదే. అందుకే క్వార్టెట్ అంటే నాకు మెహఫిల్ కన్నా మజ్లిస్ అనాలనిపిస్తుంది.

ఈ నాలుగు సాజుల్లో దేనికీ మెట్లు ఉండవు. ఇది ఖయాల్‌లో పెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది. వీణకి మెట్లుంటాయి, గిటారుకుంటాయి. పియానోలో అయితే పన్నెండు స్వరాలూ మేకు కొట్టినట్టు బిగించి ఉంటాయి. రెండింటికీ మధ్యలో ఉన్నదాన్ని పియానో పలకలేదు. వయొలిన్ మీద వేలు ఎక్కడ పడితే అక్కడ స్వరం. రెండు వందల ఏళ్ళ కింద బాలుస్వామి దీక్షితార్ లాంటి వాళ్ళు దీన్ని కర్ణాటక సంగీతంలోకి తీసుకోగలిగింది ఇందుకే. గమకం పలకాలంటే వేలు జారాలి, జారాలంటే మెట్టు అడ్డం ఉండకూడదు. విజయనగరం సంగీత కళాశాలని నడిపిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో ఆ ఫిరంగీ డబ్బా పక్కా తెలుగు మాట్లాడింది. కరవది నుంచి వచ్చిన మన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరంలో త్యాగరాజుని పలికించినట్టే. సాజుకి మజహబ్ ఉండదు, కౌం ఉండదు. దానికి ఉన్నదల్లా ఏ స్వరాన్ని పలకగలదు, ఏది పలకలేదు అన్న హద్దు మాత్రమే.

అదే హద్దు సంగతి బాకూలో వందేళ్ళు నడిచింది.

అజర్‌బైజాన్ వాళ్ళ శాస్త్రీయ గానాన్ని ముఘాం అంటారు. అరబ్బుల మఖాం లఫ్జే అది. అందులో రాగాల్లాంటి వాటి పేర్లు వింటే మన ఇంట్లో మాటలే. రాస్త్ అంటే సూటిది. సెగాహ్ అంటే మూడో గాహ్, మూడో స్థానం. చహార్‌గాహ్ నాలుగోది. హుమాయూన్ ఉంది, షూర్ ఉంది, బయాతీ షీరాజ్ ఉంది. పాటలో వచ్చే హిస్సాలకి తస్నీఫ్, రంగ్ అని పేర్లు. పాడేవాడిని ఖానెందె అంటారు. నాత్ ఖ్వాన్‌లో ఉన్న ఖ్వాన్ లఫ్జుకి అది సగీ చెల్లెలు. ఖానెందె చేతిలో దఫ్ ఉంటుంది. ఒక పక్క తార్, ఇంకో పక్క కమాంచా. పాడేది ఫుజూలీ లాంటి షాయర్ల గజళ్ళు. నవాబ్‌గారి కోట గోడల మధ్యే కాదు, పెళ్ళిళ్ళలో కూడా ఇదే. కులీ కుతుబ్ షాహీల పూర్వీకులు ఖరా ఖోయున్లూ తుర్కుమాన్లని, వాళ్ళ రాజధాని తబ్రీజ్ అని గుర్తు చేసుకుంటే, ఆ ప్రాంతం మనకి మరీ పరాయిది కాదని తెలుస్తుంది. గోల్కొండ కట్టిన ఖాందాన్ మూలాలు ఆ చుట్టుపక్కలవే.

కమాంచా అంటే చిన్న కమాన్. గుండ్రటి బుర్ర, సన్నటి మెడ, అడుగున ఇనుప ములుకు. మోకాలి మీద నిలబెట్టి వాయిస్తారు. వయొలిన్‌లో వేరే తీగ మీదకి పోవాలంటే కమాను వాలు మారుస్తారు. కమాంచాలో కమాను వచ్చిన దారినే వస్తుంది, సాజునే చేత్తో అటూ ఇటూ తిప్పుతారు. మొదటిసారి చూసినప్పుడు, సాజే అటు తిరిగి ఒకరికీ ఇటు తిరిగి ఇంకొకరికీ జవాబు చెబుతున్నట్టు అనిపించింది నాకు.

ఈ సంగీతాన్ని ఫిరంగీ సాజులతో మొదటిసారి ఒకే స్టేజీ ఎక్కించినవాడు ఉజెయిర్ హాజీబెయోవ్. 1885లో పుట్టి, షుషా ఊళ్ళో పెరిగాడు. షుషాని కాకసస్ పర్వతాల సంగీత పాఠశాల అనేవాళ్ళు, అంతమంది గాయకులు అక్కణ్నుంచి వచ్చారు. జార్జియాలోని గోరీలో టీచరు చదువు చదువుతూ వయొలిన్, చెల్లో నేర్చుకున్నాడు. 1908 జనవరిలో, 22 ఏళ్ళ వయసులో, బాకూలో చమురు సేట్ హాజీ జైనులాబిదీన్ తగియేవ్ కట్టించిన థియేటర్‌లో ‘లైలా మజ్నూ’ ఒపెరా ఆడించాడు. ముస్లిం దేశాల్లో అదే తొలి ఒపెరా అంటారు. ఖిస్సా ఫుజూలీది. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కే రివాజు లేదు కాబట్టి లైలా వేషం ఒక మగాడే వేశాడు.

నన్ను ఎక్కువ పట్టుకున్నది వేషం కాదు, ఆయన రాసిన కాగితం. ఒపెరా అంటే ప్రతి స్వరం కాగితం మీద రాసి ఉండాలి. హాజీబెయోవ్ ఆర్కెస్ట్రా వాయించే చోట రాశాడు, కోరస్ పాడే చోట రాశాడు. మజ్నూ ముఘాం పాడే చోట మాత్రం స్వరాలు రాయలేదు. ఫలానా ముఘాం అని పేరు పెట్టి వదిలేశాడు. అక్కడ ఖానెందె ఇష్టం, అతనికి తార్ సాథ్. సీనా బసీనా వచ్చినదాన్ని సిరాలో పెట్టకూడదని ఆయనకి ఆ వయసులోనే తట్టింది. తర్వాత ఆయన రాసిన పెద్ద పెద్ద రచనలన్నిటికన్నా ఆ ఖాళీ జాగానే గొప్పదంటాను నేను.

ఆ తర్వాత హవా మారింది. 1920లో బోల్షెవిక్కులు వచ్చారు. 1920ల చివరికి తార్ మీద బహస్ మొదలైంది. ఇది పాత జమానా సాజు, ఖాన్లదీ బేగ్‌లదీ, కొత్త సమాజానికి పనికిరాదు అని కొందరి వాదం. తార్ అంటే తుంబచెట్టు చెక్కతో కాదు, మల్బరీ చెక్కతో చేసి, ఎద్దు గుండె మీది పల్చటి పొర కట్టిన సాజు. 19వ శతాబ్దంలో షుషా ఉస్తాద్ సాదిఖ్‌జాన్ దానికి 11 తీగలు కట్టాడు. సులేమాన్ రుస్తమ్ అనే షాయర్ తార్‌ని పాడొద్దంటూ నజ్మ్ రాశాడు. మికాయిల్ ముష్ఫిఖ్ అనే 20ల్లో ఉన్న కుర్రాడు 1929లో పాడు తార్ పాడు అని జవాబు రాశాడు. తార్ బతికింది. ముష్ఫిఖ్‌ని మాత్రం 1938లో, స్టాలిన్ జమానాలో, కౌమ్ దుష్మన్ అని కాల్చేశారు. ఆయనకి 30 ఏళ్ళు కూడా నిండలేదు. పక్క దేశం తుర్కీలో 1934లో రేడియోలో పాత ఉస్మానీ సంగీతాన్నే బంద్ పెట్టారు, రెండేళ్ళకి కాస్త తక్కువ. అక్కడ ఆధునికం పేరుతో, ఇక్కడ మజ్దూర్ పేరుతో. సాజుని చూసి భయపడే హుకూమత్‌లు అన్ని రంగుల్లోనూ ఉంటాయి.

లిపి కూడా పోయింది. అరబీ లిపి తీసేసి లాటిన్ తెచ్చారు, దాన్నీ తీసేసి 1939 తర్వాత రష్యా అక్షరాలు పెట్టారు. తాత రాసుకున్న ఖత్ మనవడికి గీతల్లా కనపడే పరిస్థితి. దీని బాధ మనకి ఎవరూ వివరించక్కర్లేదు. మా దాదా ఉర్దూలో రాసిన ఖత్‌లు ఒక టిన్ను డబ్బాలో ఉన్నాయి. మా పిల్లల్లో వాటిని చదవగలిగిన వాళ్ళు లేరు. పిల్లలకి తెలుగు వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది, నమాజు కోసం అరబీ అక్షరాలు వస్తాయి. ఆ డబ్బా మాత్రం అట్లాగే ఉంది. లిపి పోయిన చోట గొంతు ఎంత విలువైనదో బాకూ వాళ్ళకి అందుకే తెలుసు.

ఇక ఫరంగీజ్ అలీజాదే. 1947లో బాకూలో పుట్టిన ఈమె పియానిస్టు, కంపోజర్. ఈమె ఉస్తాద్ ఖరా ఖరాయెవ్, ఆయన ఉస్తాద్ రష్యా మహానుభావుడు షోస్తకోవిచ్. సిల్సిలా అంటే ఇదే, ఖవ్వాలీ ఘరానాల్లోనే కాదు, ఫిరంగీ సంగీతంలో కూడా ఉంటుంది. 1979లో ఈమె చెల్లో, పియానోల కోసం ‘హాబిల్ సయాగీ’ అని ఒకటి రాసింది. హాబిల్ తరహాలో అని దాని మతలబు. ఆ హాబిల్ ఎవరో కాదు, కమాంచా ఉస్తాద్ హాబిల్ అలియేవ్. చెల్లో చేత కమాంచా మాట్లాడించింది. మధ్య స్వరాలు పలకని పియానో ఉంది కదా, దాని మూత తీసి, తీగల మీద వస్తువులు పెట్టి, చేత్తో మీటి, కొట్టి దాని మొండితనం వదిలించింది. పియానో దొరసానిని వంటింట్లోకి పిలిచి రోట్లో పచ్చడి నూరించినట్టు. విన్నప్పుడు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

అమెరికాలో డేవిడ్ హారింగ్టన్ అనే వయొలినిస్టు 1973లో క్రోనోస్ క్వార్టెట్ పెట్టాడు. పాత హైడన్, బీథోవెన్‌లనే మళ్ళీ మళ్ళీ వాయించకుండా, బతికున్న వాళ్ళ దగ్గర కొత్తవి రాయించుకోవడం వాళ్ళ పని. వాళ్ళ కోసం అలీజాదే 1993లో రాసిందే ‘ముఘాం సయాగీ’. ముఘాం తరహాలో అని.

స్టేజీ మీద మొదట చెల్లో ఒక్కటే ఉంటుంది. అడుగు గొంతుతో, తొందర లేకుండా, ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ మొదలుపెడుతుంది. మిగతా ముగ్గురు తెర వెనక నుంచి పలుకుతారు. మజ్లిస్ ఇంకా కూడలేదు. తర్వాత నలుగురూ చేరాక లయ పుంజుకుంటుంది, వయొలిన్ వాయించే చేతులే గంట లాంటి సాజుల్ని కూడా మోగిస్తాయి, రంగ్ హిస్సాలో కనిపించే ఆట మొదలవుతుంది. మొత్తం 20 నిమిషాలకి కాస్త అటూ ఇటూ. ఒక సాయంత్రం ఇంట్లో ఇది పెట్టాను. మా నానీ చిక్కుడుకాయలు వలుస్తూ వింటోంది. ఆమెకి క్వార్టెట్ అంటే తెలీదు, బాకూ ఎక్కడుందో తెలీదు. చెల్లో మొదలైన రెండు నిమిషాలకి, ‘ఎవరో మర్సియా ఎత్తుకున్నట్టుంది బేటా, మాటలు మాత్రం అందట్లేదు’ అంది. దీని మీద చాలా వ్యాసాలు చదివాను గానీ ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఈ రచన గురించి చెప్పేటప్పుడు ఒక మాట తరచు వస్తుంది. ప్రేమని, బాధని బయటపెట్టడం ఇస్లాంలో మంచిది కాదు కాబట్టి ముఘాం ఆ భావాల్ని దాచిపెట్టే రహస్య భాష అయ్యిందని. నాకు ఇది పూర్తిగా ఒప్పుకోవాలనిపించదు. గజల్‌తో పెరిగిన వాళ్ళకి తెలుసు, దాచడం వేరు, అదబ్ వేరు. మెహబూబ్ పేరు నోటితో అనకుండా రాత్రంతా మెహబూబ్ గురించే పాడటం భయం కాదు, తహజీబ్. సంగీతం జాయజా నాజాయజా అన్న బహస్ మన ఇళ్ళల్లో ఉన్నదే, ఉలమా దాన్ని చూసుకుంటారు. కానీ ముస్లిములు వెయ్యేళ్ళుగా సంగీతం మీద కితాబులు రాసిన వాస్తవాన్ని మాత్రం ఎవరూ తుడిచేయలేరు.

అది రాసిన 1993 మామూలు సంవత్సరం కాదు. కారాబాఖ్ కోసం అజర్‌బైజాన్, ఆర్మేనియాల మధ్య జంగ్ నడుస్తోంది. అంతకు ముందు ఏడాది మేలో షుషా ఆర్మేనియన్ల చేతికి పోయింది. హాజీబెయోవ్ పెరిగిన షుషా. ఊళ్ళో ఆయన కంచు విగ్రహం, గాయకుడు బుల్‌బుల్‌ది, షాయరా నతవాన్‌ది, మూడింటినీ తూటాలతో తూట్లు పొడిచారు. తుక్కు కింద అమ్ముడుపోయి జార్జియా చేరినవాటిని అజర్‌బైజాన్ వాళ్ళు కొని తెచ్చుకుని, ఆ తూట్లతోనే బాకూలో ఒక మ్యూజియం ఆవరణలో నిలబెట్టారు. 2020 జంగ్‌లో షుషా మళ్ళీ చేతులు మారాక, 2021 జనవరిలో తిరిగి అక్కడ పెట్టారు. ఇళ్ళు పోగొట్టుకున్నది ఒక్క వైపు వాళ్ళే కాదు. బాకూలో తరాలుగా బతికిన ఆర్మేనియన్లూ పోయారు. ఆ ప్రాంతంలో కమాంచాకి అందరికన్నా పెద్ద పేరు తెచ్చినవాళ్ళలో 18వ శతాబ్దపు సయాత్ నోవా ఒకడు. ఆయన ఆర్మేనియన్. ఆర్మేనియన్‌లో, జార్జియన్‌లో, అజర్‌బైజానీలో, మూడు భాషల్లోనూ పాటలు కట్టాడు. ఇవాళ ఆ కమాంచా మాది అని రెండు వైపులా దావా వేస్తారు.

ఇట్లాంటి కలయికలన్నీ ఒకే దర్జావి అని నేను అనను. ఇదే క్రోనోస్ వాళ్ళు 2005లో ఆశా భోస్లేతో ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ చేశారు, జాకిర్ హుసేన్ తబలా. వినడానికి మజాగా ఉంటుంది, పెళ్ళి విందులో షాహీ టుకడా లాగా. రెండోసారి వడ్డిస్తే వద్దంటాం. కొన్ని ఫ్యూజన్‌లలో అయితే మనవాళ్ళ సంగీతం పులావ్ మీద చల్లిన కొత్తిమీరే. పాట వాళ్ళది, పైన వాసన మనది. సరైన కలయికకి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది అని.

ఆ పరీక్షలో 2010లో వచ్చిన ‘రెయిన్‌బో’ నెగ్గుతుంది. ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ కలిసి తెచ్చిన మధ్య ఆసియా సంగీత వరసలో అది ఎనిమిదోది. ఒక పక్క క్రోనోస్ నలుగురు. ఇంకో పక్క బాకూ ఖానెందె ఆలిమ్ ఖాసిమోవ్, ఆయన బిడ్డ ఫర్గానా, వాళ్ళ తార్, కమాంచా వాళ్ళు. పాటల్ని నలుగురికీ సరిపడా జేకబ్ గార్చిక్ రాసిచ్చాడు. ఖాసిమోవ్ గొంతు ఎప్పుడు ఎటు పోతుందో కాగితం చెప్పదు. కాబట్టి చూపు కాగితం మీద నుంచి ఎత్తి ఆయన మొహం వైపు తిప్పాల్సింది అమెరికా నలుగురే. కమాంచా వయొలిన్లలో కలిసిపోయిన చోట ఏది ఏదో పట్టుకోవడం కష్టం. అదే ఆల్బమ్‌లో కాబూల్ నుంచి పెషావర్ పోయి, అక్కణ్నుంచి కాలిఫోర్నియా చేరిన రుబాబ్ ఉస్తాద్ హుమాయూన్ సఖీ రచన కూడా ఉంది. దాని పేరు ‘రంగీన్ కమాన్’. ఇంద్రధనుస్సు.

2016లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్, సిల్క్ రోడ్ ఆన్సాంబుల్ కలిసి హాజీబెయోవ్ ‘లైలా మజ్నూ’ని కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొత్తగా స్టేజీ ఎక్కించారు. వయొలిన్లు, చెల్లో, తార్, కమాంచా, అందరి నడుమ ఖాలీన్ మీద కూర్చుని మజ్నూ పాడినవాడు ఆలిమ్ ఖాసిమోవ్. ఈసారి లైలాని పాడింది ఆడగొంతే, పక్కన కూర్చున్న ఫర్గానా.